తెప్పలూరులో ఎర్ర గడి

రోజు 1

ముందే చెప్పేస్తున్నాను, ఈ డైరీ నేను ఇష్టపడి రాస్తున్నది కాదు. విదేశీ శిక్షణ రొటేషన్‌కు వెళ్ళిన విద్యార్థులు ఏ రోజు సంగతి ఆ రోజే చేత్తో రాయాలని కాలేజీ నిబంధన. చేత్తో రాయడం నేర్చుకోవడానికే నాకు ఒక సెమిస్టరు పట్టింది. ఇప్పటికీ నా 'ళ' చూస్తే మా చిన్నాయన నవ్వుతాడు.

పేరు చౌడేశ్వరి. ఊరు నంద్యాల. మెడిసిన్ నాలుగో ఏడు. ఇంతవరకు జ్వరం వచ్చిన మనిషిని చూడలేదు. మా క్లాసులో ఎవరూ చూడలేదు. మా దేశంలో ఐదో ఏట చేతికి కడియం వేస్తారు. జబ్బు రాబోతోందని అది వారం ముందే చెబుతుంది, మందు గుమ్మంలోకి వచ్చేస్తుంది. ఆ కడియాన్ని తీసేది ఒక్కసారే, మనిషి పోయినప్పుడు. కత్తిరించగానే పేరు మృతుల జాబితాలోకి ఎక్కుతుంది. కోసిన కడియం మళ్ళీ అతకదు, ఎక్కిన పేరు మళ్ళీ దిగదు.

జబ్బులే లేని చోట డాక్టర్లు తయారవడం ఎలా? అందుకని మమ్మల్ని పరాయి చోట్లకు పంపిస్తారు. నాకూ, మా క్లాసు బాపట్ల ఇమ్మానియేలుకూ కలిపి ఒక బ్యాచ్‌గా తెప్పలూరు పడింది. ఐదు రోజులు ఓడలో. దారి పొడుగునా నేను వాంతులు చేసుకుంటుంటే వాడు పక్కన కూర్చుని చేపల వేపుడు తిన్నాడు. వాణ్ణి జన్మలో క్షమించను.

తెప్పలూరు నేల మీద ఉన్న ఊరు కాదు. ఇనుప పీపాల మీద పలకలు పరిచి, ఒకదానికొకటి తాళ్ళతో కట్టిన ఇళ్ళు. ఉత్తరాంధ్ర తీరంలో సముద్రం మింగేసిన పల్లెల వాళ్ళు మూడు తరాలుగా ఇక్కడే ఉన్నారు. ఏ దేశమూ వీళ్ళను మా వాళ్ళు అనదు. కడియాలు లేవు. మమ్మల్ని దింపే ఓడే వీళ్ళకు ఏడాది బియ్యం, మందులు, ఉప్పునీటిని తాగునీరు చేసే యంత్రానికి జల్లెడలు తెస్తుంది. నలభయ్యో రోజున వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంటుంది.

దిగగానే గున్నయ్య అనే ఆయన ఎదురొచ్చాడు. అరవైకి దగ్గర, ఎడమ మణికట్టుకు పాత గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఇక్కడి ఆరోగ్య సహాయకుడట. మా మొహాలు చూడకముందే మా కడియాలు చూశాడు.

"పుస్తకాలు తెచ్చుకున్నారా?" అన్నాడు. ప్రయాణం ఎలా జరిగింది, మంచినీళ్ళు కావాలా, ఏమీ లేదు.

రోజు 2

పుస్తకం అంటే మా కేసుల పుస్తకం. దాంట్లో నలభై పచ్చ గళ్ళు, ఒక్కో గడికి ఒక్కో జబ్బు. చూసి, పరీక్షించి, రోగి మణికట్టుకు నా కడియం తాకిస్తే గడిలో ముద్ర పడుతుంది. ఆఖరున ఒక ఎర్ర గడి. దాంట్లో ఏముందో ఇంకా చదవలేదు.

ఇమ్మానియేలు గున్నయ్య ఇంట్లో దిగాడు. నేను పోలమ్మ అనే ఆవిడ ఇంట్లో. యాభై ఏళ్ళుంటాయి. ఒంటరి మనిషి. నా పేరు వినగానే చెంపలేసుకుంది. "చౌడమ్మ తల్లే మా ఇంటికి ఒచ్చీసినాదే!" అని పొరుగువాళ్ళందరినీ పిలిచి చూపించింది. నంద్యాలలో ఈ పేరు పెట్టుకుని ఎన్ని మాటలు పడ్డానో ఆవిడకేం తెలుసు.

ఇక్కడ ఇంటి పేర్లు జబ్బుల పేర్లే. చలిజ్వరం ఇల్లు, ఆయాసం ఇల్లు, పచ్చకామెర్ల ఇల్లు. పోలమ్మది గుండె ఇల్లు. ఈ రోజు చలిజ్వరం ఇంటికి వెళ్ళాం. మొదటిసారి జ్వరం తగిలింది నా అరచేతికి. మనిషి ఒళ్ళు అంత కాలుతుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

కడియం తాకిస్తే ముద్ర పడింది గానీ, పేరు అడిగినప్పుడు మాత్రం అది "ఈ వ్యక్తి నమోదులో లేరు" అంది. మా దేశంలో ఎవరి మణికట్టుకు తాకించినా నాడిని బట్టి పేరు, ఊరు చెప్పేస్తుంది. ఇక్కడ ఎవరికి తాకించినా అదే మాట. రోగి నవ్వి, "మేం నేమంతే, డాట్రమ్మా" అన్నాడు. లేము అనడానికి ఇక్కడ 'నేము' అంటారు.

రోజు 3

మూడో రోజు అతిథికి కూడు పెట్టడం ఇక్కడి రివాజు. పోలమ్మత్త పొద్దున్నుంచే చేపల పులుసు కాచింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి గోడల వెంట కూర్చున్నారు. నేను తింటున్నంత సేపూ నా కంచం వైపే చూశారు. చెయ్యి కడుక్కున్నాక అత్త నా ఎదురుగా కూర్చుంది.

"ఏటి కావాలమ్మా నీకు? అడుగు."

"నాకేం వద్దత్తా. కడుపు నిండింది."

"అలగనకు. ఈ దినం అడిగింది ఇవ్వకపోతే ఇల్లు నిలవదు. పుస్తకంలో ఏటుందో సదువు."

సరే, ముచ్చటపడుతోంది కదా అని పుస్తకం తీసి గళ్ళన్నీ పైకి చదివాను. ఆడవాళ్ళు ఒక్కో జబ్బుకూ ఒక్కో ఇంటి వైపు తల తిప్పారు. చివరికి ఎర్ర గడి వచ్చింది. "మరణం, బ్యాచ్‌కు ఒకటి. మృతుల మణికట్టుకు కడియం తాకించి ముద్ర వేయాలి" అని చదివి, "ఇదొకటి కావాలంట చూడు, ఖర్మ!" అని నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. పోలమ్మత్త మాత్రం, "సరేలే. అయిపోతాది" అని కంచం తీసింది.

ఇమ్మానియేలుకు గున్నయ్య అన్నం పెట్టాడు గానీ ఏమీ అడగలేదట. మా ఇంటివాళ్ళే మర్యాద తెలిసినవాళ్ళని వాడి దగ్గర గొప్పలు పోయాను.

రోజు 9

పదకొండు గళ్ళు నిండాయి. ఇంత సులువుగా ఎలా నిండుతున్నాయో అర్థం కావడం లేదు.

ఆయాసం ఇంటి ముసలాయన తన బాధ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. నేను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయనే, "ఇప్పుడు 'ఎన్నాళ్ళబట్టి' అని నువ్వడగాల" అన్నాడు. అడిగాను. వెంటనే మిగతాది చెప్పుకుపోయాడు. ఇమ్మానియేలు నిన్న రాసుకొచ్చిన వివరాలు చూస్తే మాటకు మాట అదే. దగ్గు వచ్చిన చోటు కూడా అదే. దగ్గు మాత్రం నిజం, ఛాతీలో గరగర నా చెవులతో విన్నాను.

మందు పెట్టెలో ఆయన జబ్బును పూర్తిగా పోగొట్టే మందు ఉంది. ఎందుకు వాడవని గున్నయ్యను అడిగాను. "మనిషి పోకుండా సూసుకుంటాం. జబ్బు పోకుండా కూడా సూసుకుంటాం" అన్నాడు. హాస్యమనుకున్నాను. ఆయన మొహంలో ఆ జాడ లేదు.

తిరిగి వస్తుంటే పలకల మీద పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకడు వెల్లకిలా పడుకున్నాడు, ఒకమ్మాయి వాడి మణికట్టు మీద చెయ్యి పెట్టి "ముద్ర పడిపోనాది!" అని అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. పడుకున్నవాడు లేవలేదు. ఇంకొకడు వచ్చి వాడి పక్కన పడుకున్నాడు.

రోజు 20

పోలమ్మత్త గుండె విన్నాను. చెవికి గొట్టం పెట్టుకోగానే లబ్ డబ్‌ల మధ్య గుర్రుమనే సన్నని చప్పుడు. కవాటం బిగుసుకుపోతే వచ్చే చప్పుడది, చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి మందు అందనివాళ్ళకు మిగిలేది. మా పాఠంలో రికార్డింగు విన్నాం. మనిషిలో వినడం వేరు. ఆవిడ ఊపిరి బిగబట్టి నా మొహమే చూస్తోంది.

"ఇనపడినాదా? మా అమ్మది ఇంకా బాగా ఇనపడీది."

రోజుకు రెండు నీళ్ళ మాత్రలు మింగితే ఒంట్లో నీరు చేరదు, మామూలుగా పని చేసుకోగలదు. ఆ రెండూ గున్నయ్య రోజూ ఉదయం తెచ్చి చేతిలో పెడతాడు.

నాకు చేప శుభ్రం చేయడం నేర్పింది. ముల్లు గుచ్చుకుని నేను కుయ్యోమొర్రో అంటుంటే, "మనిసి కడుపు కోస్తావు గానీ సేప కడుపు కొయ్యనేవేటే గుంటా!" అని పడీ పడీ నవ్వింది. అమ్మ పోయాక నన్ను ఇలా ఆటపట్టించినవాళ్ళు లేరు. చిన్నాయన మంచివాడే గానీ మాట తక్కువ మనిషి. ఇక్కడికి వచ్చి ఇరవై రోజులకే ఈవిణ్ణి వదిలి ఎలా వెళ్ళాలా అనుకుంటున్నాను.

రోజు 32

నలభై పచ్చ గళ్ళూ నిండాయి. ఎర్ర గడి ఒక్కటే ఖాళీ. అది ఖాళీగా ఉంటే రొటేషన్ మొత్తం లెక్కలోకి రాదు. ఇమ్మానియేలు గింజుకుంటున్నాడు, "ఏడాది పోద్దే మనకి" అని. ఎవరో ఒకరు చావాలని ఎదురుచూస్తున్నామన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ఈ ఉదయం పోలమ్మత్త పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఇంత చక్కని గుండె వైఫల్యం పుస్తకంలో కూడా చూడలేదని సంబరపడి రెండు పేజీలు రాశాను. రాసింది మళ్ళీ చదువుకుంటే 'చక్కని' అనే మాట కంట్లో పడింది. కొట్టేశాను. గున్నయ్యతో చెప్పి మాత్రలు నాలుగు చేయించాను.

రోజు 34

మాత్రలు పెంచినా వాపు మోకాళ్ళకు ఎక్కింది. పడుకోలేకపోతోంది, గోడకు ఆనుకుని కూర్చుంటోంది.

ఉదయం నుంచి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరూ ఆవిడ కాలి మీద వేలితో నొక్కి, గుంట చూసి, "బాగా ఒచ్చినాది పోలమ్మా" అని కళ్ళకద్దుకుంటున్నారు. పచ్చకామెర్ల ఇంటావిడ ఒక తాడు తెచ్చి, కూర్చున్న మనిషిని నిలబెట్టి, తల నుంచి మడమ దాకా కొలిచి ముడి వేసుకుని వెళ్ళింది. పోలమ్మత్త బుద్ధిగా నిలబడింది. తర్వాత వచ్చి వంకాయలు కోసుకుంటూ కూర్చుంది.

"ఆ తాడెందుకు అత్తా?"

"సముద్రంలోకి ఒగ్గడానికి సాప అల్లాల కదా. పొడుగు తెలవాల."

శవాన్ని చుట్టి వదిలే చాప అది.

వంటింట్లో ఎండుచేపల కుండ మూత తీశాను, ఎందుకు తీశానో నాకే తెలియదు. అడుగున మాత్రలు. తెల్లటివి, ఉప్పు పట్టినవి, గుప్పెడు. వారం నుంచి ఒక్కటి కూడా మింగలేదు.

రోజు 35

గున్నయ్య ఇంటికి పరుగెత్తాను. ఆయన లేడు. మందు పెట్టె మీద రిజిస్టరు ఉంటే తీశాను. అడిగి తీయలేదు, ఆ మర్యాద పట్టే స్థితిలో లేను.

వరసకు ఒక బ్యాచ్. బ్యాచ్ నంబరు, అతిథి అడిగిన ఇల్లు, పోయే మనిషి పేరు, రోజు. నలభై ఒక్క వరసలు. అన్నిటిలోనూ మరణం ముప్పై ఎనిమిదో రోజునే. ఓడ రావడానికి రెండు రోజుల ముందు. చలిజ్వరం ఇల్లు, ముప్పై ఎనిమిది. ఆయాసం ఇల్లు, ముప్పై ఎనిమిది. ఒక్క ఇరవై ఆరో బ్యాచ్ దగ్గర గడి ఖాళీ, దాని కింద గీత.

నలభై రెండో వరస మా బ్యాచ్‌ది. అది కూడా నిండిపోయి ఉంది. 'గుండె ఇల్లు. పోలమ్మ. 38.' పక్కన రాసిన తేదీ, నేను పులుసు తిని పుస్తకం చదివిన రోజుది.

వెనక గున్నయ్య నిలబడి ఉన్నాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. సీమ తిట్లు ఆయనకు అర్థమైనట్టే ఉన్నాయి, తల దించుకుని విన్నాడు.

"ఇరవై ఆరో బ్యాచోళ్ళకి నానే సెప్పినాను. ఇలగ అడక్కండీ, అడిగితే ఇల్లు ఇచ్చెస్తాదీ అని. ఆళ్ళు మంచోళ్ళు, అడగలేదు. గడి కాళీగా ఎల్లిపోనారు. కేసులు సరిపోని ఊరని మీ కాలేజీ రాసీసినాది. మర్సటేడు ఓడ రాలేదు, ఆ పైయేడే మల్లీ ఒచ్చినాది. నీళ్ళ జల్లెడలు పాడైపోయి తొంబై మంది పోనారు. అప్పటినుంచీ ఎవులికీ సెప్పలేదు."

"సూది మందు ఇవ్వండి, ఇప్పుడే వేస్తాను."

పెట్టె తెరిచి ఇచ్చేశాడు. "ఏసుకో. ఆవిడ సెయ్యి సాపితే."

చాపలేదు. సూది తీసుకుని ఇంటికొచ్చి ఎంత బతిమాలినా అత్త చెయ్యి చాపలేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది.

"నన్ను హంతకురాల్ని చేస్తున్నావు కదత్తా! నేను నవ్వులాటకు అన్నాను, అంతే. తప్పైపోయింది."

"నువ్వేటి సేసినావే పిచ్చిదానా. ఆ ఓడ రాని ఏడు నా కొడుకులిద్దరూ దాహానికి పోనారు. ఒకడు పొద్దుట, ఒకడు మద్దేనం. ఏడాదికి ఒక మనిసి ఎల్తే ఊరు మిగుల్తాది. ఈ పాలి నా వొంతు." ఊపిరి అందక ఆగింది. "గడి నిండనీ. నిండినాక నీ మందు తాగుతానులే."

తన హాస్యానికి తనే నవ్వబోయి దగ్గింది.

రోజు 36

ఇమ్మానియేలుతో పెద్ద గొడవ. వాడు ముందు నమ్మలేదు. రిజిస్టరు చూశాక వెళ్ళి పలకల అంచున కూర్చున్నాడు.

"దొంగ ముద్ర వేద్దామా?" అన్నాడు చివరికి.

"ఎట్ల వేస్తావు? నాడి ఆగిన చెయ్యి తాకితేనే కదా అది పడేది."

"లేదంటే కోసేసిన కడియం తాకాలి. మన ఊళ్ళో అంతే కదా, డాక్టరు వచ్చేసరికే ఇంట్లోవాళ్ళు కడియం కోసేస్తే, ఆ ముక్కకి తాకించినా సరిపోద్ది..."

మాట మధ్యలో ఆగిపోయాడు. నేను నా మణికట్టు చూసుకుంటున్నాను. వాడు చూశాడు.

"పిచ్చి గానీ పట్టిందా ఏంటే నీకు? పేరు పోద్ది. ఓడెక్కనివ్వరు. ఇంకెప్పటికీ ఎక్కనివ్వరు!"

"తెలుసురా."

"మీ చిన్నాయనకేం చెప్పమంటావు?"

విత్తనాల కొట్టులో స్టూలు మీద కూర్చుని, ఫోను మోగితే మూడుసార్లు చూసి గానీ ఎత్తని మనిషి. కూర్చుని ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. పక్కన వల అల్లుకుంటున్న ముసలాయన మాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ నీళ్ళు కూడా ఆ ఓడ పుణ్యమే.

రోజు 38

పొద్దున్నే చాప వచ్చేసింది. కొత్తది, ఇంకా పచ్చి వాసన పోలేదు. గుమ్మం పక్కన చుట్టి పెట్టారు. పోలమ్మత్త పెదాలు నీలంగా ఉన్నాయి. మాట లేదు. ఆడవాళ్ళందరూ గోడల వెంట కూర్చున్నారు, మూడో రోజున కూర్చున్న చోట్లలోనే.

నాకు భయం వేసింది. భయం లేదని రాస్తే అబద్ధం. కోపం కూడా వచ్చింది. కాలేజీలో ఎవరో కుర్చీలో కూర్చుని ఎర్ర సిరాతో ఒక గడి గీశారు. వాళ్ళకు ఈ చాప వాసన తెలియదు.

పీపాల రేకు కోసే కత్తెర గుమ్మం దగ్గరే ఉంటుంది. తీసుకున్నాను. కడియం సందులో పెట్టి రెండు చేతులా నొక్కమని, పొద్దుటే వచ్చిన ఇమ్మానియేలుకు చెప్పాను. వాడు నొక్కలేదు. నేనే మోకాలికి ఆనించి నొక్కాను.

చిన్న చప్పుడు. ఐదో ఏట నుంచి నా చేతి మీద వెలుగుతున్న పచ్చ దీపం ఆరిపోయింది. "చౌడేశ్వరి, నంద్యాల. మృతి" అంది, నాతో ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే. నా కడియం పలికిన ఆఖరి మాట అదే.

ఇమ్మానియేలు ఆ ముక్కకు తన కడియం తాకించాడు. పుస్తకంలో ఎర్ర ముద్ర పడింది. కారణం ఏమిటని వాడి కడియం అడిగితే వాడు నా వైపు చూశాడు. "గుండె కవాటం" అని రాయమన్నాను.

పుస్తకం తీసుకెళ్ళి అత్త కళ్ళ ముందు పెట్టాను. "నిండింది చూడు. నేను అడిగింది నీ ఇల్లు ఇచ్చేసినట్టే. ఇప్పుడు చెయ్యి ఇస్తావా, నన్ను రెండోసారి చంపుతావా?"

ముద్ర వైపు చూసింది. తర్వాత చంకలోంచి చెయ్యి తీసింది. సూది వేశాను. సాయంత్రానికి ఊపిరి నెమ్మదించింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి, ఈసారి నా పాదాలు తాకి వెళ్ళారు. చాపను మాత్రం తీసుకెళ్ళలేదు. దాన్ని విప్పి, కొలతాడు తెచ్చి, నా పొడుగుకు సరిపోయేలా అంచు కత్తిరించి మళ్ళీ చుట్టి పెట్టారు.

రోజు 40

ఓడ వచ్చింది. ఓడ మీద మనిషి ఇమ్మానియేలు కడియం చూసి, నా వైపు తన కడియం చాచి, నా మణికట్టుకు తాకించి, "మృతి అంటోంది" అన్నాడు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఏదో అనబోయి, జాబితా చూసుకుని, పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు.

"మా చిన్నాయన చెవిలో మాత్రం చెప్పు. ఇంకెవరికీ వద్దు" అన్నాను. ఇమ్మానియేలు తలూపాడు. వాడి చేపల వేపుడు తప్పును క్షమించేశాను.

ఓడ చుక్కంత అయ్యేదాకా నిలబడ్డాను. పక్కకు గున్నయ్య వచ్చాడు. మణికట్టు గుడ్డ విప్పాడు. చుట్టూ తెల్లటి వలయం. ఎండ తగలని చర్మం.

"నాది తొమ్మిదో బ్యాచు బిడ్డా" అన్నాడు. గొంతు అదే, మాట వేరు. "మాది మంథని. నా పేరు రాజనర్సు. గీడ మల్ల పేరు పెట్టుకున్న. ముప్పై నాలుగేండ్లాయె."

ఆ వలయం వైపు చూస్తూ అడిగాను, "ఎవరి కోసం?"

"ఉండె, ఒకామె. చలిజ్వరం ఇంటామె. నేను కోసినంక ముప్పై ఏండ్లు బతికింది. మస్తు కొట్లాడేది నాతోని."

"నాకెందుకు చెప్పలేదు? ఇట్లా ఒక దారి ఉందని?"

"చెప్తే నేను కోయిపిచ్చినట్టయితది. ఎవ్వరికీ చెప్పొద్దని ఊరి కట్టు. నలభై ఒక్క బ్యాచులల్ల ఆరుగురం బిడ్డా, కోసుకున్నోళ్ళం. కాలేజోళ్ళు ఒక్కసారి గూడ అడగలేదు. గడి నిండింది గద."

గుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. ఒక గుడ్డ పేలిక నాకూ ఇచ్చాడు.

మరుసటి ఏడు, రోజు 3

ఓడలో కాలేజీ పంపిన సంతాప పత్రం వచ్చింది, మందంగా, అంచులకు నలుపు. 'అకాల మరణం' అని రాశారు. అదే కవరులో నలభై రెండో బ్యాచ్ సంపూర్ణంగా ఉత్తీర్ణమైందని ఇంకో కాగితం. రెండిటి మీదా ఒకే సంతకం.

పోలమ్మ పేరున ఒక మూట కూడా వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు. విప్పితే బొరుగులు, పుట్నాలపొడి. మా సీమ ఉగ్గాని చేసుకోమని. మూటకు కట్టిన పురికొస మా విత్తనాల కొట్టుది, ఎక్కడ చూసినా గుర్తుపడతాను. రోజంతా ఆ పురికొస చేతికి చుట్టుకుని తిరిగాను. అత్త మాత్రలు రోజూ నా కళ్ళ ముందే మింగుతోంది. నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తాను.

ఈ ఏడు మా ఇంట్లో దిగిన అమ్మాయి పేరు సుభాషిణి. ఊరు పాలకొల్లు. మొదటి రోజు నుంచీ చెబుదామనుకుంటూనే ఉన్నాను. చెబితే గడి ఖాళీ, చెప్పకపోతే ఒక మనిషి. నోరు తెరిచిన ప్రతిసారీ మూసుకున్నాను. గున్నయ్యను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

ఈ మధ్యాహ్నం అత్త పులుసు కాచింది. ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను వడ్డించాను. సుభాషిణి సగం తినే చెయ్యి కడుక్కుని, అడగకముందే పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఉత్సాహం చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. ఏం కావాలో అడగడానికి అత్త నోరు తెరిచింది.

నేను గబుక్కున ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఆమె కడియం నా మణికట్టుకు తాకింది.

"చౌడేశ్వరి, నంద్యాల. మృతి."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. నా చెయ్యి వేడిగా ఉందని ఆమెకు తెలుస్తోంది, నాడి కొట్టుకుంటోందని తెలుస్తోంది. చెయ్యి లాక్కోలేదు. గుమ్మంలో గున్నయ్య రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అది నిజమే చెబుతోంది. ఆ పుస్తకం పైకి చదవొద్దమ్మా, ముందు నా మాట విను" అన్నాను. అంతా చెప్పాను. ఊరి కట్టు నేను తెంచేశాను. పోలమ్మత్త కొడుకుల సంగతి, ఖాళీ గడి సంగతి, నా సంగతి, ఏదీ దాచలేదు. "ఏం చెయ్యాలో నేను చెప్పను. తెలియకుండా మాత్రం నిన్ను అడగనివ్వను."

ఆమె పుస్తకం తెరవలేదు, పక్కన పెట్టనూ లేదు. కుడిచేత్తో తన కడియాన్ని పట్టుకుని కూర్చుంది. తర్వాత తలెత్తింది.

"నొప్పి పుట్టిందా అక్కా?"

"కోసినప్పుడు పుట్టలేదు. ఓడ వెళ్ళిపోయాక పుట్టింది" అన్నాను.

ఆమె మళ్ళీ తల దించుకుంది. ఆమె కంచంలో ఇంకా అన్నం మిగిలే ఉంది. నేను దాని మీద కాస్త పులుసు పోసి, ఎదురుగా కూర్చున్నాను.